అరగంట వ్యాసం: జంషెడ్‌పూర్‌లో ఒక సంవాదం

స్నాతకోత్తర విద్యాసంస్థల ప్రవేశ పరీక్షల్లో అడిగే విశ్లేషణ వ్యాసం బడిలో రాయించే వ్యాసం వంటిది కాదు. బడి వ్యాసంలో విద్యార్థి తనకు తెలిసినది వరుసగా చెబితే సరిపోతుంది. విశ్లేషణ వ్యాసంలో మాత్రం, ఒకరు ఒప్పుకోవడానికీ మరొకరు కాదనడానికీ వీలున్న ఒక ప్రతిపాదనను ముందు పెట్టుకొని, అది ఏ ఆధారాల మీద నిలిచిందో, పైకి చెప్పని ఊహలేవి దాని అడుగున ఉన్నాయో, ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో పరీక్షించి, చివరకు తన పక్షమేదో తేల్చి చెప్పవలసి ఉంటుంది. దీనికి సాధారణంగా ఇచ్చే గడువు ముప్పై నిమిషాలు. అమెరికాలో ఉన్నత విద్యకు వెళ్లేవారు రాసే జీఆర్ఈలో ఈ భాగం 2002 నుంచి ఉంది. 2023 సెప్టెంబరు 22న ఆ పరీక్షను రెండు గంటల లోపుకు కుదించినప్పుడు, అంతవరకూ ఉన్న రెండు వ్యాసాల్లో, ఎవరో చేసిన వాదనలోని లోపాలను ఎత్తిచూపే వ్యాసాన్ని తీసివేసి, ఒక అభిప్రాయంపై పక్షం వహించి రాసేదాన్ని మాత్రం మిగిల్చారు. మేనేజ్‌మెంట్ విద్యకు సంబంధించిన జీమ్యాట్‌లో 1994లో చేరిన వ్యాసం, 2024 నాటికి పాత పరీక్షతో పాటే పోయింది.

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో ఈ వ్యాసం ఎంతోకాలంగా నలుగుతున్న విషయం. 1949లో జెసూట్ పాద్రీ క్విన్ ఎన్రైట్ స్థాపించిన మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఎక్స్ఎల్ఆర్ఐ ఉన్నది ఈ ఊళ్లోనే. ఏటా జనవరి మొదట్లో జరిగే ఎక్స్ఏటీ అన్న ప్రవేశ పరీక్షను నిర్వహించేది ఆ సంస్థే. ఈ పరీక్షలో వ్యాసం కొన్నేళ్లు ఉంది, కొన్నేళ్లు లేదు, మళ్లీ వచ్చింది. 2025 జనవరి పరీక్ష నుంచి దాన్ని తీసివేసి మొత్తం పరీక్షను మూడు గంటలకు కుదించారు. ఉన్న రోజుల్లో కూడా దాని మార్కులు పర్సంటైల్‌లో కలిసేవి కావు. ఇంటర్వ్యూ దాకా వచ్చినవారి తుది ఎంపికలోనే దానికి విలువ ఉండేది. ఉక్కు కంపెనీలో పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కద్మా, బిష్టుపూర్, సోనారీ, టెల్కో కాలనీల నుంచి ఈ పరీక్షకూ, జీఆర్ఈకీ, ఐఐఎంలు ఇంటర్వ్యూ దశలో పెట్టే లిఖిత సామర్థ్య పరీక్షకూ సిద్ధమవుతుంటారు.

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ అటువంటి కుటుంబాలకు చెందిన కల్పిత వ్యక్తులు. ఒకరు సాక్చీలో ప్రవేశ పరీక్షలకు తరగతులు నడిపే శిక్షకుడు. మరొకరు కళాశాలలో తర్కశాస్త్రం బోధించి, పదవీ విరమణ చేసి, కద్మాలో ఉంటున్న అధ్యాపకురాలు. న్యాయదర్శనం చర్చను మూడు రకాలుగా విడదీసింది: నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఒక పక్షం నిలపకుండా ఎదుటివారి పక్షాన్ని పడగొట్టడానికే చేసేది వితండ. ఇద్దరూ వాదమే చేయదలచుకున్నారు గాని, శిక్షకుడు ఒకటి రెండు చోట్ల, అధ్యాపకురాలు ఒక చోట జల్పంలోకి జారారన్నది దాచనక్కరలేదు.

శిక్షకుడు: సాధనకు ఒక లెక్క ఉండాలి, మేడమ్ గారూ. రోజుకొక విషయం, ముప్పై నిమిషాలు, ఎదురుగా గడియారం. మొదటి ఐదు నిమిషాలు ఆలోచనకు, ఇరవై రాతకు, చివరి ఐదు దిద్దుబాటుకు. ఐదు పేరాలు: పక్షం చెప్పేది ఒకటి, దాన్ని ఉదాహరణలతో బలపరిచేవి రెండు, ఎదుటి పక్షాన్ని కొంత ఒప్పుకొని జవాబు చెప్పేది ఒకటి, ముగింపు ఒకటి. జీఆర్ఈ విషయాల జాబితా మొత్తం ఎవరైనా చూసుకునేలా బయటే ఉంది. వాటిని విద్య, ప్రభుత్వం, సాంకేతికత, కళలు అని విడగొట్టి, ఒక్కో దానికి రెండేసి ఉదాహరణలు సిద్ధం చేసుకుంటే, ఏ ప్రశ్న వచ్చినా చేతిలో సరుకుంటుంది. మా దగ్గర చదివినవాళ్లకు ఈ పద్ధతితోనే సీట్లు వచ్చాయి.

అధ్యాపకురాలు: సీట్లు వచ్చినవాళ్లకు పద్ధతి వల్ల వచ్చాయో, పద్ధతి ఉన్నా వచ్చాయో తేలాలంటే, అదే పద్ధతిలో చదివి రానివాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా, బాబూ. అది అలా ఉంచుదాం. ఇరవై విషయాల మీద ఇరవై వ్యాసాలు రాసిన విద్యార్థి నోటుపుస్తకం తిరగేస్తే ఒకే వ్యాసం ఇరవైసార్లు కనబడుతుంది: మొదటి వాక్యంలో ఆధునిక యుగం, రెండో పేరాలో ఒక శాస్త్రవేత్త, మూడో పేరాలో ఒక పారిశ్రామికవేత్త, నాలుగో పేరాలో “అయినప్పటికీ”, ఐదో పేరాలో సమతౌల్యం. మారింది ప్రశ్నలోని నామవాచకం ఒక్కటే. ఇందులో సాధన జరిగింది చేతికి. విశ్లేషణ ఎక్కడా జరగలేదు.

శిక్షకుడు: చేతికి సాధన అవసరం లేదనలేం. జీఆర్ఈలో అక్షరదోషాలు దిద్దే సౌకర్యం లేని తెర మీద, అరగంటలో, టైపు చేయాలి. ఇంట్లో నెల రోజులు ఆలోచించి గొప్ప వ్యాసం రాయగలవాడు పరీక్షలో మూడో పేరా మధ్యలో ఆగిపోతే, ఆ గొప్పతనానికి మార్కులెవరు వేస్తారు? ఇంకొక మాట. మన అవధానుల ధార ఎక్కడిది? ఛందస్సు నాలుక మీద ఆడాలంటే వేల పద్యాల కట్టుబడి ముందే లోపల ఉండాలి. పృచ్ఛకుడు అడిగిన క్షణాన పద్యం పుట్టినట్టు కనబడుతుంది గాని, పదబంధాలు పాతవే.

ఈ పోలిక బలమైనదే. పద్యం నోటికి వచ్చినవాడికే ఆశువుగా వస్తుందన్నది అవధాన విద్యలో అందరూ ఒప్పుకునే సంగతి. అయితే అష్టావధానంలో ఎనిమిది అంశాలుంటాయనీ, వాటిలో ఒకటి శిక్షకుడు వేసుకున్న ఈ దారికే అడ్డు నిలుస్తుందనీ అధ్యాపకురాలికి వెంటనే గుర్తుకు వచ్చింది.

అధ్యాపకురాలు: ఆ కట్టుబడి ఉందని తెలిసే కదా నిషిద్ధాక్షరి పెట్టారు. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ మాట రాబోతుందో పసిగట్టి, దానికి కావలసిన తర్వాతి అక్షరం వాడకూడదని పృచ్ఛకుడు అడ్డుకుంటాడు. అలవాటైన పదబంధం అక్కడ విరుగుతుంది. అప్పుడు వచ్చేదే అవధాని సొంత మాట. మీ తరగతిలో ఆ పని చేయించండి. ఈ వారం ఎవరూ ఆధునిక యుగం అనకూడదు, గాంధీనీ ఎడిసన్‌నూ స్టీవ్ జాబ్స్‌నూ పిలవకూడదు, “నాణేనికి రెండు వైపులు” అనకూడదు. ఏం మిగులుతుందో చూడండి.

శిక్షకుడు: సగం మందికి ఏమీ మిగలదు, మేడమ్ గారూ. అది తెలిసే ఆ మాటలు ఇస్తున్నాం.

ఇక్కడ ఒక నమూనాను దగ్గరగా చూడటం అవసరం. శిక్షకుడు తన తరగతిలో ఇచ్చిన విషయం ఇది: “నగరంలో పౌర సేవలను ఎన్నికైన పురపాలక సంఘం కన్నా ఒక కంపెనీ నడిపితేనే ప్రజలకు మేలు.” జంషెడ్‌పూర్ విద్యార్థికి ఇది ఇంటి ముందరి విషయం. ఊరి నడిబొడ్డున ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. ప్రభుత్వం నియమించే నోటిఫైడ్ ఏరియా కమిటీ ఒకటి ఉన్నా, కంపెనీ లీజు భూమిలో నీళ్లు, కరెంటు, రోడ్లు, చెత్త వంటివి టాటా స్టీల్ చూసుకునేది, 2004 నుంచి ఆ పని జుస్కో అన్న అనుబంధ సంస్థ చేతికి వెళ్లింది. రాజ్యాంగ 74వ సవరణ ద్వారా వచ్చిన 243క్యూ అధికరణం, ఒక పరిశ్రమే పౌర సేవలు అందిస్తున్న చోట పురపాలక సంఘానికి బదులు పారిశ్రామిక పట్టణంగా ప్రకటించడానికి వీలు కల్పిస్తుంది. ఇక్కడ ఓటుతో నడిచే సంఘం కావాలా వద్దా అన్న తగువు దశాబ్దాలుగా నడుస్తున్నది, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తరగతిలో అందరికన్నా మంచి వ్యాసంగా శిక్షకుడు ఎంచినది ఇలా సాగుతుంది: కంపెనీలకు సామర్థ్యం ఉంది, ఉదాహరణకు జంషెడ్‌పూర్‌లో కుళాయి నీరు తాగవచ్చు, రోడ్లు శుభ్రం, పక్కనే జుగ్సలాయిలో పురపాలక సంఘం ఉంది, అక్కడి పరిస్థితి వేరు, అయినప్పటికీ ప్రజాస్వామ్యం కూడా ముఖ్యమే, కాబట్టి రెండింటి మధ్య సమతౌల్యం పాటించాలి.

శిక్షకుడు: ఇందులో లోపమేమిటి? పక్షం ఉంది, స్థానికమైన ఉదాహరణ ఉంది, పోలిక కూడా ఉంది. పుస్తకంలోంచి తెచ్చినది ఒక్కటీ లేదు.

అధ్యాపకురాలు: ఉదాహరణ చాలా బాగుంది. దాన్ని ఒక్కసారైనా అనుమానించి ఉంటే వ్యాసం ఇంకా బాగుండేది. కృష్ణా తీరాన గరికపాడు వాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసింది మొదటి పాఠం నేర్చుకునే పిల్లల కోసం. అందులో ఉపాధి అని ఒకటి చెప్పాడు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడం సరే. దాన్ని తిరగేసి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే చెల్లదు. ఎందుకంటే పొగ నిప్పు ఒక్కదాని వల్ల రాలేదు, పచ్చి కట్టె తోడైతే వచ్చింది. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. ఈ ఊరివాళ్లకు ఆ ఇనుప ముద్దను వేరే చూపించనక్కరలేదు. పైకి కనబడే హేతువు వెనక, అసలు పని చేయించే ఆ పచ్చి కట్టెనే ఉపాధి అంటారు. అది పట్టుబడితే వాదన సోపాధికమని, అంటే షరతు మీద నిలిచినదని తేలుతుంది.

శిక్షకుడు: ఇక్కడ పచ్చి కట్టె ఏది?

అధ్యాపకురాలు: వెతికితే నాలుగైదు దొరుకుతాయి, ఆ వెతుకులాటే విశ్లేషణ. ఈ ఊరు కారడవిలో గీత గీసి కట్టింది. మొదటి నమూనా పిట్స్‌బర్గ్ ఇంజనీర్లు వేశారు, తర్వాత ఓటో కోనిగ్స్‌బర్గర్ వంటివారు సరిదిద్దారు. పాత ఊళ్లో ఇరుకు సందుల మధ్య గొట్టం వేయవలసిన పురపాలక సంఘానికి ఆ సదుపాయం లేదు. భూమి కంపెనీ లీజులో ఉంది కాబట్టి ఎవరు ఎక్కడ కట్టుకోవాలో అదే నిర్ణయించింది. కర్మాగారానికి ఎలాగూ నీళ్లు కావాలి, డిమ్నా జలాశయం కట్టుకుంది. ఊరికి ఇవ్వడం దాని మీద అదనపు ఖర్చు మాత్రమే. ఉక్కు అమ్మిన డబ్బు ఉంది. పక్క సంఘానికి ఇంటి పన్నే దిక్కు. ఇక, లెక్కలోకి రానివాళ్ల మాట. లీజు గీతకు బయట పడిన 86 బస్తీల సంగతి ప్రతి ఎన్నికలో వినబడుతూనే ఉంది. కంపెనీ చూసుకునే చోటును మాత్రం కొలిచి, కంపెనీ బాగా చూసుకుంటుందనడం, తేల్చవలసిన దాన్నే కొలబద్దగా తీసుకోవడం అవుతుంది. జుగ్సలాయితో పోలిక ఈ కారణంగానే సగమే నిలుస్తుంది.

శిక్షకుడు: అయితే ఇనుప ముద్ద కూడా చూపించాలి. కంపెనీ ఉండి, సేవ లేని ఊరు.

అధ్యాపకురాలు: ధన్‌బాద్ దగ్గర సింద్రీలో ఎరువుల కర్మాగారం 2002 చివర మూతపడింది. తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, సిర్పూర్ కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు 2014లో ఆగి 2018లో గాని మళ్లీ కదలలేదు. యంత్రం ఆగిన రోజున ఊరి నీళ్ల బాధ్యత ఎవరిది, ఎవరిని అడగాలి, ఎవరిని దించాలి? ఓటుతో వచ్చిన సంఘం పనికిమాలినదైనా దాన్ని మార్చే తేదీ ఒకటి ఉంటుంది. ఇక్కడికి వచ్చాక విద్యార్థి పక్షం మారనక్కరలేదు. కంపెనీ పక్షమే వహించవచ్చు. అయితే, భూమీ నీరూ ఆదాయమూ ఒకే చేతిలో ఉండి, ఆ చెయ్యి దీర్ఘకాలం నిలుస్తుందన్న భరోసా ఉన్నప్పుడు మాత్రమే అని షరతు పెట్టి చెబుతాడు. “సమతౌల్యం పాటించాలి” అన్న వాక్యంలో ఎవరూ కాదనడానికి ఏమీ లేదు, కనుక అందులో చెప్పినదీ ఏమీ లేదు.

శిక్షకుడు ఈ సంగతులేవీ కాదనలేదు. అతని జవాబు మరొక వైపు నుంచి వచ్చింది. ఈ సంవాదంలో తేలికగా తోసిపుచ్చలేని భాగం అదే.

శిక్షకుడు: తర్కం చదివి, ముప్పై ఏళ్లు బోధించి, ఈ ఊళ్లో పుట్టి పెరిగినవారు ఇలా విడదీయగలరు. తరగతికి వచ్చేది షిఫ్టు డ్యూటీ ఫిట్టరు కూతురు, ఠేకేదారు దగ్గర పని చేసేవాడి కొడుకు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు. ఇంట్లో పత్రిక రాదు, భోజనాల దగ్గర వాదించేవాళ్లు లేరు. అధికారుల ఇళ్లలో పిల్లలు పేరా కట్టడం, కాదంటూ మాట్లాడటం ఊహ తెలిసినప్పటి నుంచే వింటారు. వాళ్లకు ఐదు పేరాల చట్రం అక్కరలేదు, అది ఎప్పుడో ఒంటబట్టింది. మా పిల్లలకు ఆ చట్రమే తొలి మెట్టు. దాన్ని యాంత్రికమని తీసివేస్తే నష్టపోయేది వాళ్లే. సొంత ఆలోచన కావాలని అడిగేవాళ్లందరికీ ఒక ప్రశ్న: ఆ ఆలోచనకు మాటలు ఎవరిస్తారు?

అధ్యాపకురాలు: మాటలు ఇవ్వండి, ఎవరు వద్దన్నారు? అవి ఇచ్చి అక్కడే ఆపేస్తున్నారన్నదే అభ్యంతరం. ఫిట్టరు కూతురికి ఆలోచన లేదని మీరెలా అనుకున్నారు? కాలనీలో నీళ్లు రెండు పూటలా వచ్చి, కంపెనీ గీతకు బయటి మానగోలో ఉన్న మేనత్త ఇంట్లో ఎందుకు రావో ఆ పిల్ల మీకన్నా బాగా ఎరుగును. మీ చట్రంలో దానికి గది లేదు కాబట్టి అది రాయలేదు, సింగపూర్ గురించి రాసింది.

ఈ చివరి మాటలో కొంత దెప్పిపొడుపు ఉంది, ఆమె జల్పంలోకి జారినది ఇక్కడే. చట్రం లేకపోతే ఆ అమ్మాయి మేనత్త ఇంటి సంగతి వాదనగా మారకుండా ఫిర్యాదుగానే మిగిలేదన్న మాట శిక్షకుడు అనవచ్చు, అన్నాడు కూడా. అధ్యాపకురాలు అది ఒప్పుకున్నది. అక్కడి నుంచి మాట, చట్రం ఉండాలా వద్దా అన్న ప్రశ్నను విడిచి, దాన్ని ఏ వరుసలో నేర్పాలన్న దాని మీదికి మళ్లింది.

అధ్యాపకురాలు: రోజుకొక కొత్త విషయం మానండి. వారానికి ఒకటి చాలు, దాని మీద నాలుగు విడతలుగా పని చేయించండి. మొదటిసారి గడియారం పెట్టి, మీరు చెప్పిన చట్రంలోనే రాయనివ్వండి. మర్నాడు ఆ వ్యాసానికి కాగితం పక్కన ఒక్కటే పని: ప్రతి “కాబట్టి” కింద గీత గీసి, అది నిలవాలంటే ఇంకేది నిజం కావాలో రాయడం. చాలామందికి ఒక్క పేజీలో ఏడెనిమిది దాగిన ఊహలు బయట పడతాయి. ఆ తర్వాత ఎదుటి పక్షం తరఫున పూర్తి వ్యాసం రాయాలి; అది ఎంత గట్టిగా ఉండాలంటే, ఆ పక్షంవాళ్లు చదివి తమ మాటేనని సంతకం పెట్టేటంత. మొదటి వ్యాసంలోని “అయినప్పటికీ” పేరాకు అసలు సరుకు అందులోంచి వస్తుంది. అప్పుడు గాని మొదటిదాన్ని తిరగరాయకూడదు.

శిక్షకుడు: వారానికొకటి అంటే మూడు నెలల్లో పన్నెండు విషయాలు. జాబితాలో ఉన్నవి వందకు పైన.

అధ్యాపకురాలు: పన్నెండు విషయాల్లో ఎదురయ్యే దాగిన ఊహలు ఎన్ని రకాలో లెక్క వేయండి. ముందు వచ్చినదే కారణమనడం, కొందరిని చూసి అందరి మీదా తీర్పు చెప్పడం, రెండే దారులున్నాయనడం, “మేలు” అన్న మాటను ఒకచోట ఒక అర్థంలో, మరొకచోట మరో అర్థంలో వాడటం: ఇలా పదికి మించవు. వంద విషయాల్లో తిరిగేవి ఇవే. విషయాల వెంట పరుగెత్తేవాడు వంద నేర్చుకోవాలి, వీటిని పట్టుకున్నవాడికి పది చాలు.

శిక్షకుడికి ఇంకొక అస్త్రం మిగిలి ఉంది, అది మార్కులు వేసే తీరుకు సంబంధించినది. జీఆర్ఈ వ్యాసానికి సున్నా నుంచి ఆరు దాకా, అర మార్కు తేడాతో, మార్కులు ఇస్తారు. ఒక మనిషి చదువుతాడు, ఈ-రేటర్ అన్న కంప్యూటర్ ప్రోగ్రాం కూడా లెక్కగడుతుంది. అదే ఈ-రేటర్‌ను 1999 నుంచి జీమ్యాట్‌లో వాడారు. యంత్రం చూసేవి వాక్య నిర్మాణం, పదజాలం, పేరాల అమరిక, దోషాలు మొదలైనవి. ఎంఐటీకి చెందిన లెస్ పెరెల్మన్ 2014లో విద్యార్థులతో కలిసి బేబెల్ అన్న ప్రోగ్రాం తయారుచేసి, రెండు మూడు మాటలిస్తే పెద్ద పెద్ద పదాలతో అర్థం లేని వ్యాసాలు పుట్టించి, యంత్రాల చేత ఎక్కువ మార్కులు వేయించి చూపించాడు. శాట్ పరీక్షలో 2005లో వచ్చిన వ్యాసానికి, పొడవు పెరిగేకొద్దీ మార్కులు పెరుగుతున్నాయని అంతకుముందే ఎత్తిచూపినవాడు కూడా అతడే; ఆ వ్యాసం 2016లో ఐచ్ఛికమై, 2021లో పోయింది.

శిక్షకుడు: చూశారా, యంత్రానికి కావలసింది చట్రమే. దాగిన ఊహ పట్టినందుకు అది అర మార్కు కూడా వేయదు. చదివే మనిషికైనా ఒక్కో వ్యాసానికి దొరికేది కొద్ది నిమిషాలే.

అధ్యాపకురాలు: పెరెల్మన్ ఉదాహరణతో తేలేది యంత్రం గుడ్డిదని. గుడ్డివాడు దాటనిచ్చాడు కాబట్టి ఉత్త చేతులతో వెళ్లమని పిల్లలకు చెప్పగలమా? ఎక్స్ఏటీ వ్యాసం ఎవరికి చేరేదో గుర్తు తెచ్చుకోండి. ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లది మాత్రమే, తుది ఎంపిక చేసేవారి ముందుకు. ఎదురుగా కూర్చోబెట్టి, ఈ వాక్యం ఎందుకు రాశావని అడిగితే, చట్రం జవాబు చెప్పదు. జెసూట్‌ల విద్యా ప్రణాళిక 1599లోనే వాదోపవాదాన్ని తరగతి పనిగా పెట్టింది: ఒక విద్యార్థి ప్రతిపాదన నిలబెడతాడు, మిగిలినవారు దాన్ని కొడతారు. ఆ సంప్రదాయం వాళ్లు పెట్టిన సంస్థ గుమ్మం దగ్గరికి, ఒక్క అభ్యంతరానికీ సిద్ధం కాని వ్యాసంతో వెళ్లడం తెలివైన పని కాదు.

శిక్షకుడు: ఆ సంస్థే వ్యాసం తీసేసింది కదా, మేడమ్ గారూ.

దీనికి అధ్యాపకురాలి జవాబు సూటిగా లేదు. ఇంటర్వ్యూ ఉంది గదా అన్నది, ఐఐఎంలలో లిఖిత పరీక్ష ఉందన్నది, సివిల్ సర్వీసుల మెయిన్స్‌లో 1993 నుంచి వ్యాస పత్రం ఉందనీ, మూడు గంటల్లో రెండు వ్యాసాలకు 250 మార్కులనీ, దాన్ని తెలుగులోనూ రాయవచ్చనీ గుర్తు చేసింది. ఇవన్నీ నిజాలే గాని, ఎక్స్ఏటీ ఒక్కటే రాయదలచిన విద్యార్థికి వ్యాస సాధన మీద నెలలు ఖర్చు పెట్టమని చెప్పడానికి సరిపోవు. ఈ ఒక్క చోట శిక్షకుడిదే పైచేయి. ఆ పరీక్షలోని నిర్ణయ సామర్థ్య విభాగం, అంటే ఒక సంస్థలో తలెత్తిన చిక్కును చెప్పి ఏం చేయడం ఉచితమో ఎంచమనే భాగం, దాగిన ఊహలను పట్టే అలవాటుకే పరీక్ష పెడుతుందన్నది మాత్రం ఇద్దరికీ అంగీకారమే.

చివరి తగువు భాష గురించి. వాదనను ముందు తెలుగులోనో హిందీలోనో నోటితో చెప్పించి, నిలిచిందనిపించాకే ఇంగ్లీషులో రాయించాలని అధ్యాపకురాలి సూచన. అలా చేస్తే రెండు భాషల మధ్య అనువాదంతోనే సమయం పోతుందని శిక్షకుడి భయం.

అధ్యాపకురాలు: ఇంగ్లీషులో మొదలుపెట్టిన పిల్లవాడు తనకు వచ్చిన వాక్యం రాస్తాడు, అనుకున్న మాట రాయడు. నీళ్లు ఎందుకు రావో మేనత్తతో ఏ భాషలో మాట్లాడతాడో ఆ భాషలో ముందు చెప్పనివ్వండి. ఎదురు ప్రశ్న వేయండి. మూడు ఎదురు ప్రశ్నలకు నిలిచాక, అప్పుడు ఇంగ్లీషు.

శిక్షకుడు: పరీక్షకు మూడు వారాలు ముందు మాత్రం అది ఆపాలి. ఆ మూడు వారాలూ గడియారానివే.

అధ్యాపకురాలు: ఒప్పుకున్నాం. అంతకు ముందు నెలలు తిరగరాతవి.

శిక్షకుడు అంతకు ముందు నెలలను పూర్తిగా వదులుకోలేదు; వారానికి ఒక గడియారం వ్యాసం ఉండాలని పట్టుబట్టాడు, అధ్యాపకురాలు కాదనలేదు. ఆలోచన లేనివాడి చేతికి వేగం ఇస్తే వచ్చేది బేబెల్ వ్యాసమేనన్న ఆమె మాటను అతడు చివరి దాకా ఒప్పుకోలేదు. చట్రం తొలి మెట్టన్న అతని మాటను ఆమె ఒప్పుకున్నది గాని, మొదటి మెట్టు మీదే కూర్చున్నవాళ్ల లెక్క అడగడం మానలేదు. సంవాదం విన్నవారికి తీర్పు చెప్పే బాధ్యత ఉందనుకుంటే, సాధన వరుస విషయంలో అధ్యాపకురాలి పక్షం బలమైనది, ఎవరికి సాధన అన్న విషయంలో శిక్షకుడి పక్షం బలమైనది.

ఈ ఏడాది జీఆర్ఈకో ఐఐఎం ఇంటర్వ్యూకో సిద్ధమవుతున్నవారు కొత్త విషయం వెతుక్కునే ముందు, ఇప్పటికే రాసి పక్కన పెట్టిన ఒక పాత వ్యాసం తీసి, అందులోని ప్రతి “కాబట్టి” కింద గీత గీయండి. ఆ కాగితాన్ని కాదనేవారి చేతికి ఇవ్వండి. మెచ్చుకునేవారికి పరీక్ష అయ్యాక చూపించవచ్చు.